పటంలో పైన ఏ దిక్కు? కారు తెర మీది ఎంపిక – దాని చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
– పటంలో పైన ఉత్తరం ఉండటం ప్రకృతి నియమం కాదని, అది చరిత్రలో ఏర్పడిన అలవాటని;
– బాటసారి కోసం గీసిన పటానికీ, దేశాన్ని కొలవడానికి గీసిన పటానికీ ఉన్న తేడా;
– ఓడల రాడార్, కారు నావిగేటర్ ఈ రెండు పద్ధతులనూ ఒకే తెర మీదికి తెచ్చిన తీరు;
– ఏ అవసరానికి ఏ పద్ధతిని ఎంచుకోవాలో నిర్ణయించుకునే ఆధారాలు.

1. పరిచయం

కారులోగానీ ఫోనులోగానీ దారి చూపే పటాన్ని మీరు వాడే ఉంటారు. ఆ తెర మీద ఒక మూల చిన్న దిక్సూచి గుర్తు ఉంటుంది. దానిని తాకితే పటం ఒక్కసారిగా తిరుగుతుంది. కారు ఎటు వెళ్తున్నా ఉత్తరం పైనే ఉండటం ఒక పద్ధతి. దీనిని ‘ఉత్తరం పైన’ పద్ధతి అందాం. కారు ఎటు వెళ్తుంటే ఆ దిశ పైకి వచ్చేలా పటమే తిరుగుతూ ఉండటం రెండో పద్ధతి. దీనిని ‘ప్రయాణ దిశ పైన’ పద్ధతి అందాం.

చాలామంది దీనిని కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయంగా భావిస్తారు. కాని ఈ రెండు పద్ధతులూ కంప్యూటర్‌తో పుట్టినవి కావు. పటాన్ని ఎవరి కోసం గీయాలి, దారిన పోయే మనిషి కోసమా లేక ఆ దారితో ప్రత్యక్ష సంబంధం లేని అందరి కోసమా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాలు ఇచ్చిన రెండు జవాబులు ఇవి. ఆ జవాబుల చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. పైన ఎప్పుడూ ఉత్తరమేనా?

మన బడి గోడ మీద వేలాడదీసిన పటంలో పైన ఉత్తరం ఉంటుంది. అందువల్ల హిమాలయాలు ‘పైన’, కన్యాకుమారి ‘కింద’ అని మాట్లాడటం మనకు అలవాటైంది. కాని భూమికి అంతరిక్షంలో పైవైపు, కిందివైపు అంటూ లేవు. 1972 డిసెంబర్ 7న అపోలో 17 వ్యోమగాములు తీసిన ప్రసిద్ధమైన భూమి ఛాయాచిత్రంలో మొదట దక్షిణమే పైన ఉంది. చూసేవారికి అలవాటైన రీతిలో కనిపించాలని దానిని తిప్పి ప్రచురించారు.

పూర్వకాలపు పటాలను చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. సుమారు 1300లో ఇంగ్లండ్‌లో తయారై హియర్‌ఫర్డ్ చర్చిలో భద్రంగా ఉన్న ప్రపంచ పటంలో పైన తూర్పు ఉంది. మధ్యయుగ క్రైస్తవులు స్వర్గవనం తూర్పున ఉన్నదని నమ్మడం దీనికి కారణం. 1154లో సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రవేత్త తయారుచేసిన పటంలో పైన దక్షిణం ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో నివసించిన టాలమీ సంప్రదాయంలో మాత్రం ఉత్తరం పైన ఉంది. చైనీయులు దిక్సూచిని ‘దక్షిణం చూపే సూది’ అని పిలిచారు.

మన భాషలో కూడా ఈ చరిత్ర జాడ కనిపిస్తుంది. ‘దక్షిణ’ అనే సంస్కృత పదానికి కుడి అనే అర్థం కూడా ఉంది. గుడిని మన కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడమే ప్రదక్షిణ. తూర్పుకు ముఖం పెట్టి నిలబడినవారికి కుడిచేతి వైపున ఉండేది దక్షిణ దిక్కు. అదే విధంగా ‘పూర్వ’ అంటే ముందున్నది, ‘పశ్చిమ’ అంటే వెనుకనున్నది. అంటే ఈ పదాలు ఏర్పడిన కాలంలో దిక్కులను ఒక మనిషి శరీరాన్నిబట్టి, అతడు ఉదయసూర్యుని వైపు తిరిగి నిలబడిన భంగిమనుబట్టి లెక్కించారు. దిక్కులకు స్థిరమైన పేర్లు ఏర్పడిన తరువాత మనిషి ఎటు తిరిగినా దక్షిణం మారలేదు. కుడి మాత్రం అతనితోపాటు తిరుగుతూనే ఉంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

3. బాటసారి పటాలు

దారిన పోయేవారికి ప్రపంచమంతా అవసరం లేదు. తరువాతి ఊరు ఏది, అది ఎంత దూరం, ఎక్కడ మలుపు తిరగాలి అనేవి తెలిస్తే చాలు. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన మాథ్యూ పారిస్ అనే సన్యాసి లండన్ నుంచి పవిత్రభూమి వైపు వెళ్లే యాత్రామార్గాన్ని నిలువు పట్టీలుగా గీశాడు. పట్టీని కింది నుంచి పైకి చదవాలి. ప్రయాణికుడు ముందుకు సాగుతున్నకొద్దీ పటంలో పైకి వెళ్తాడు.

ఈ ఆలోచనను కచ్చితమైన కొలతలతో అమలు చేసినవాడు జాన్ ఓగిల్బీ. 1675లో వెలువడిన అతని ‘బ్రిటానియా’ గ్రంథంలో ఇంగ్లండ్, వేల్స్‌లలోని ముఖ్యమైన రహదారులు 100 పటాల్లో ఉన్నాయి. చక్రంతో కొలిచిన దారిని ఒక మైలుకు ఒక అంగుళం చొప్పున గీశారు. ప్రతి పుటా పక్కపక్కనే పరిచిన కాగితపు చుట్ట ముక్కల్లా కనిపిస్తుంది. ఎడమవైపు పట్టీ అడుగున మొదలుపెట్టి పైకి చదివి, మళ్లీ తరువాతి పట్టీ అడుగు నుంచి కొనసాగించాలి.

ఇక్కడ మనం ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. దారి నిజంగా ఎన్ని వంపులు తిరిగినా పట్టీ మాత్రం నిటారుగానే ఉండాలి. అందుకు ఓగిల్బీ ప్రతి పట్టీలోనూ ఒక దిక్సూచి బొమ్మను చేర్చాడు. ఒక పట్టీలో ఉత్తరం పైకి ఉంటే, మరో పట్టీలో పక్కకు ఉంటుంది. అంటే దారిని స్థిరంగా ఉంచి దిక్కులను తిప్పాడు. ఈనాటి కారు తెర ‘ప్రయాణ దిశ పైన’ పద్ధతిలో చేసే పని కూడా ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
మీ ఇంటి నుంచి మీ ఊరి బస్టాండుకు వెళ్లే దారిని ఒక కాగితం మీద గీయండి. గీసిన తరువాత పైన ఏ దిక్కు వచ్చిందో చూడండి. ఇంటిని అడుగున, బస్టాండును పైన పెట్టారా? అయితే మీరు బాటసారి పటం గీశారు.

4. కొలత పటాలు: ఉత్తరం స్థిరపడిన తీరు

బాటసారి పటం ఒక దారికి మాత్రమే పనికివస్తుంది. పక్కదారి పడితే అది సహాయపడదు. అనేక దారులు, ఊళ్లు, తీరాలు ఒకే చోట చూపాలంటే అందరికీ ఒకే విధంగా కనిపించే చట్రం కావాలి. టాలమీ గ్రంథం 15వ శతాబ్దం తొలి దశకంలో లాటిన్‌లోకి అనువాదమైన తరువాత అక్షాంశాలు, రేఖాంశాలతో కూడిన చట్రం ఐరోపా అంతటా వ్యాపించింది. సముద్రయానంలో అయస్కాంతపు సూదిని ఆధారం చేసుకోవడం కూడా ఉత్తర దిక్కుకు ప్రాధాన్యం పెంచింది. 1569లో మెర్కేటర్ ప్రచురించిన ప్రపంచ పటం నావికులకు ఉద్దేశించినది. దిక్సూచి చూపే ఒకే కోణంలో సాగే ప్రయాణం ఆ పటంలో సరళరేఖగా కనిపిస్తుంది. ఇటువంటి పటాలు ముద్రణ ద్వారా విస్తరించినకొద్దీ ‘ఉత్తరం పైన’ అనేది క్రమంగా సాధారణ నియమంగా మారింది.

మన ప్రాంతాలకు ఈ నియమం ప్రభుత్వ సర్వేల ద్వారా వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ప్రారంభమైంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సమీపంలో ఆధారరేఖను కొలిచి మహా త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఆ కొలతల వరుస గుత్తి ప్రాంతం మీదుగా బీదర్ వైపు వెళ్లింది. ఇటువంటి కొలతల ఆధారంగా తయారైన పటాల ముక్కలను పక్కపక్కన పేర్చితే అంచులు సరిగ్గా కలవాలి. ప్రతి ముక్కలోనూ పైన ఒకే దిక్కు ఉంటేనే అది సాధ్యం.

ఈ అవసరం పటాలకే పరిమితం కాదు. మీ ఇంట్లో పొలం దస్తావేజు ఉంటే తీసి చూడండి. చెక్కుబందీ అని పిలిచే హద్దుల వివరం సాధారణంగా తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అనే వరుసలో ఉంటుంది. ‘కుడివైపు ఫలానా వారి పొలం’ అని ఎవరూ రాయరు. ఎవరి కుడి అనే తగాదా వస్తుంది కాబట్టి. రాసినవారు, కొన్నవారు మరణించిన తరువాత కూడా చెల్లవలసిన పత్రంలో మనిషితోపాటు తిరిగే మాటకు చోటు లేదు.

5. ఓడ రాడార్: రెండు పద్ధతులు ఒకే తెర మీద

20వ శతాబ్దం మధ్య వరకు ఈ రెండు రకాల పటాలూ వేర్వేరు కాగితాల మీద ఉన్నాయి. వాటిని ఒకే తెర మీదికి తెచ్చిన తొలి సాధనాలలో ఓడ రాడార్ ముఖ్యమైనది. తొలినాళ్ల రాడార్ తెరపై ఓడ ముక్కు ఎప్పుడూ పైవైపు ఉండేది. కిటికీలోంచి ఎదురుగా కనిపించే ఓడ తెర మీద కూడా పైవైపే కనిపించేది. చూసేవారికి ఇది సులభం. అయితే ఓడ కొంచెం పక్కకు తిరిగినా తెర మీద ఉన్న బొమ్మ అంతా తిరిగిపోయేది. తీరాలు, ఎదురు ఓడల ఆనవాళ్లు అలికినట్టు చెదిరిపోయేవి.

ఈ సమస్య పరిష్కారానికి రాడార్‌ను గైరో దిక్సూచితో అనుసంధానించారు. అప్పుడు ఉత్తరాన్ని పైన స్థిరపరచడం వీలైంది. బొమ్మ చెదరకుండా నిలిచింది. దానిని పక్కనున్న సముద్ర పటంతో పోల్చుకోవడం కూడా తేలికైంది. నేటి ఓడ రాడార్లలో ఓడ ముక్కు పైన, ఉత్తరం పైన, నిర్ణయించుకున్న మార్గం పైన అనే మూడు ఎంపికలు ఉంటాయి. అంటే కారు వాడకందార్లకు ఈ ప్రశ్న ఎదురుకాక ముందే నావికులు దానిని ఎదుర్కొన్నారు.

6. కారులోకి వచ్చిన పటం

కారులో కదిలే పటాన్ని అమర్చాలన్న కోరిక కారు తొలి రోజుల నుంచే ఉంది. 1909 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన ‘జోన్స్ లైవ్ మ్యాప్’ అనే పరికరంలో దారి సూచనలు ముద్రించిన గుండ్రని కాగితం ఉండేది. చక్రానికి తగిలించిన తీగ సాయంతో కారు నడిచినకొద్దీ ఆ కాగితం తిరిగి, తరువాతి సూచనను ముల్లు కిందికి తెచ్చేది. ఇది ఓగిల్బీ పట్టీకి యంత్రరూపం.

1981లో జపాన్‌లో హోండా సంస్థ ‘ఎలక్ట్రో గైరోకేటర్’ను విడుదల చేసింది. ఉపగ్రహాల సహాయం లేకుండానే, వాయువుతో పనిచేసే గైరో ద్వారా కారు తిరిగిన కోణాన్ని, చక్రాల ద్వారా దూరాన్ని లెక్కించి, కారు ఎక్కడ ఉందో ఇది చూపేది. పటం మాత్రం తెర మీద అమర్చే పారదర్శకమైన ముద్రిత షీటు. ముద్రించిన షీటు కనుక మలుపు మలుపుకూ దానంతటది తిరగడం సాధ్యం కాలేదు.

1985లో కాలిఫోర్నియాలో వచ్చిన ‘ఈటాక్ నావిగేటర్’ ఈ పరిస్థితిని మార్చింది. దీనిని రూపొందించిన స్టాన్ హనీ పేరున్న సముద్ర నావికుడు కూడా. పటాన్ని బొమ్మగా కాక, వీధుల బిందువులు, రేఖల లెక్కలుగా క్యాసెట్ టేపులో నిల్వ చేశారు. బొమ్మను తిప్పితే అందులోని అక్షరాలూ తలకిందులవుతాయి. లెక్కలను తిప్పితే వీధులు మాత్రమే తిరుగుతాయి, పేర్లను మళ్లీ నిటారుగా రాయవచ్చు. అందువల్ల తెర మధ్య కారు గుర్తు కదలకుండా ఉండగా, దాని చుట్టూ నగరం తిరిగింది.

ఆ సంస్థ పేరు వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. పసిఫిక్ మహాసముద్రంలోని కరోలిన్ దీవుల నావికులు తమ ప్రయాణాన్ని లెక్కించే పద్ధతిని ‘ఈటాక్’ అంటారు. పడవ నిశ్చలంగా ఉందని, దీవులే తమను దాటి వెనక్కి పోతున్నాయని వారు ఊహించుకుంటారు. దారికి పక్కగా ఉన్న ఒక దీవిని ఆనవాలుగా తీసుకుని, అది ఒక నక్షత్రం ఉదయించే చోటు నుంచి మరో నక్షత్రం ఉదయించే చోటుకు జరిగినట్టు భావించి, ఎంత దూరం వచ్చామో తేల్చుకుంటారు. అయితే ఒక తేడాను గమనించండి. ఆ నావికుని మనసులో పడవతోపాటు నక్షత్రాల స్థిరమైన చట్రం కూడా ఉంటుంది. రెండింటినీ అతడు కలిపి వాడతాడు. కారు తెర మీద సాధారణంగా మొదటిదే కనిపిస్తుంది.

1987లో టొయోటా క్రౌన్ కారులో సీడీ ఆధారిత పటం, 1990లో మాజ్దా సంస్థవారి యూనోస్ కాస్మో కారులో జీపీఎస్‌తో పనిచేసే పటం వచ్చాయి. పౌర వినియోగానికి వచ్చే జీపీఎస్ సంకేతాలలో కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం తొలగించింది. ఆ తరువాత కారులోనూ ఫోనులోనూ ఈ పటాలు సర్వసాధారణమయ్యాయి.

7. ప్రయోగాలు ఏమి చెప్పాయి?

1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తిప్పి ఉంచిన రెండు ఆకారాలు ఒకటేనా కాదా అని అడిగితే, తిప్పిన కోణం పెరిగినకొద్దీ జవాబుకు పట్టే సమయం కూడా పెరిగింది. అంటే మనం ఆకారాన్ని మనసులో నిజంగానే తిప్పుతున్నామన్నమాట. పటం చూస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఉత్తరం పైన ఉన్న పటంలో కిందికి ప్రయాణిస్తున్నప్పుడు కుడి, ఎడమలను తేల్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. 1980లలో మార్విన్ లెవీన్ బృందం ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని గోడలకు తగిలించే పటాలను పరిశీలించింది. చూసేవారి ఎదురుగా ఉన్న దిశకు పటం పైభాగం సరిపోకపోతే చాలామంది తప్పు దారి పట్టారు.

కనుక వేగంగా వెళ్తూ వెంటనే మలుపు తీసుకోవలసిన వ్యక్తికి ‘ప్రయాణ దిశ పైన’ పద్ధతి మేలు. మరి నష్టం ఏమిటి? 1991లో ఆరెట్జ్ అనే పరిశోధకుడు విమాన చోదకుల పటాలపై ప్రచురించిన అధ్యయనంలో, తిరిగే పటం తక్షణ మార్గనిర్దేశానికి సులభంగా ఉంటే, ఉత్తరం పైన ఉన్న పటం ప్రాంత స్వరూపాన్ని గుర్తుంచుకోవడానికి తోడ్పడింది. స్థిరమైన పటం మీద చోదకుడు చూస్తున్న దిశను ఒక త్రికోణపు ముక్కగా గుర్తిస్తే రెండు లాభాలూ చాలావరకు దక్కుతాయని కూడా ఆయన చూపాడు. 2008లో జపాన్‌లో తోరు ఇషికావా బృందం కాలినడకన వెళ్లేవారిపై ప్రచురించిన అధ్యయనం కూడా ఆలోచించదగినదే. దారిని ముందుగా ఒకసారి వెంట తీసుకెళ్లి చూపించినవారితో పోలిస్తే, జీపీఎస్ సహాయంతో నడిచినవారు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. తరువాత ఆ దారిని గీయమంటే తక్కువ సరిగా గీశారు.

8. ఎంపికలో ఉన్న అసలు విషయం

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మీద కోదాడ ఉంది. అక్కడి నుంచి ఖమ్మం వెళ్లాలి. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి అది ఎడమ మలుపు. విజయవాడ నుంచి వచ్చినవారికి కుడి మలుపు. ‘ప్రయాణ దిశ పైన’ పద్ధతిలో ఇద్దరి తెరల మీదా వేర్వేరు బొమ్మలు ఉంటాయి. ఎవరి బొమ్మ వారికి సరైనదే. కాని ఒకరికొకరు ఫోనులో దారి చెప్పుకోవాలంటే మొదట అడిగే ప్రశ్న మీకు తెలుసు: “మీరు ఎటునుంచి వస్తున్నారు?” ‘ఖమ్మం ఉత్తరాన ఉంది’ అన్న మాటకు ఆ ప్రశ్న అవసరం లేదు.

ఈ తేడా ఒక్కొక్కసారి ప్రాణాల మీదికి వస్తుంది. మధ్యలో డివైడరు ఉన్న రహదారి మీద ప్రమాదం జరిగిందనుకోండి. “మాకు ఎడమవైపు పెట్రోలు బంకు ఉంది” అని 108కు చెబితే, అంబులెన్సు ఏ వైపు రోడ్డు మీదికి రావాలో తేలదు. “విజయవాడ వైపు వెళ్లే రోడ్డు మీద, కోదాడకు పడమరన” అని చెప్పగలిగితే తేలుతుంది. అలా చెప్పగలగాలంటే ఆ ప్రాంత స్వరూపం చెప్పేవారి మనసులో ఉండాలి. తెర తిరుగుతూ ఉండగా బాణం వెంట పోవడం మాత్రమే అలవాటైనవారి మనసులో అది ఏర్పడటం కష్టం.

కాబట్టి మలుపులు ఎక్కువగా ఉన్న కొత్త నగరంలో స్టీరింగు పట్టుకున్నప్పుడు పటాన్ని తిరగనివ్వండి. బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని దారి చూసుకునేటప్పుడు, పక్క సీట్లో కూర్చున్నప్పుడు, చేరిన తరువాత వచ్చిన దారిని తలచుకునేటప్పుడు ఉత్తరాన్ని పైన నిలపండి. రోజూ తిరిగే సొంత ఊరిలో కూడా అలాగే చేయండి. కారు నడుస్తుండగా మాత్రం ఈ ఎంపికను మార్చకండి.

9. సారాంశం

పటంలో పైన ఏ దిక్కు ఉండాలన్నది కాలాన్నిబట్టి, నమ్మకాన్నిబట్టి, అవసరాన్నిబట్టి మారుతూ వచ్చింది. దారిన పోయే మనిషి కోసం మాథ్యూ పారిస్, ఓగిల్బీ దారిని నిటారుగా ఉంచి దిక్కులను తిప్పారు. నావికులు, సర్వే అధికారులు ఉత్తరాన్ని స్థిరపరచి అందరికీ ఒకే చట్రం ఇచ్చారు. ఓడ రాడార్, తరువాత కారు నావిగేటర్ ఈ రెండింటినీ ఒకే తెర మీదికి తెచ్చాయి. తిరిగే పటం మిమ్మల్ని గమ్యం చేరుస్తుంది, కాని అది మీ ఒక్కరిదే. స్థిరమైన పటాన్ని చదవడానికి కొంత శ్రమ పడాలి, కాని దాని ద్వారా తెలుసుకున్నదాన్ని మరొకరికి చెప్పగలరు.

10. నమూనా ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘బ్రిటానియా’ పటాలలో ప్రతి పట్టీకి దిక్సూచి బొమ్మ ఎందుకు అవసరమైంది?
2. ఓడ రాడార్‌లో ఉత్తరాన్ని స్థిరపరచడం వల్ల కలిగిన ప్రయోజనాలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పటంలో ‘ఉత్తరం పైన’ అనే నియమం స్థిరపడిన క్రమాన్ని వివరించండి.
2. బాటసారి పటానికీ, కొలత పటానికీ ఉన్న తేడాలను మీ ప్రాంతపు ఉదాహరణలతో చర్చించండి.